కుడి చేతి హంసలు

మా ఆయన బాలకృష్ణకు పూర్తయిన వస్తువంటే గౌరవం లేదు. కట్టి, రంగులేసి, తాళంచెవి చేతిలో పెట్టే ఇల్లు చూపిస్తే పెదవి విరుస్తాడు. కట్టబోయే ఇంటి బొమ్మ కాగితం మీద చూపిస్తే మాత్రం కూర్చున్నవాడు లేచి నిలబడతాడు. ఎల్బీనగర్ దగ్గర మా మామగారి పొలాలన్నీ ప్లాట్లవుతున్న రోజుల్లో పెరిగిన మనిషి. పొలం దున్నడం చూడలేదు, పొలం మీద సున్నంతో గీతలు గీయడం చూశాడు. అప్పుడు నేర్చిన విద్య ఒక్కటే, దాని పేరు ప్రీలాంచ్. పర్మిషన్ రాకముందే, పునాది తీయకముందే, కుదిరితే బోర్డు పాతకముందే వెళ్ళి కొనేయాలి. ముందు వెళ్ళినవాడికి తూర్పు ఫేసింగు, కార్నర్ బిట్టు. వెనక వెళ్ళినవాడు వెర్రివాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మా అమ్మ ఆయన్ని చూసి నవ్వేది. ఆ సోమలింగం పేరు మీద అడ్వాన్సు కట్టి రసీదు తెచ్చుకునే రకం మా ఆయన.

హయత్‌నగర్ అవతల అలా కొన్న ఫ్లాటు ఇప్పటికీ గుంతగానే ఉంది. వానాకాలం దాంట్లో బర్రెలు పడుకుంటాయి. పండగపూట మా ఆయన చుట్టాలను కారెక్కించుకుని అక్కడికి తీసుకెళ్ళి, మాది ఐదో అంతస్తు అని ఆకాశంలోకి వేలు చూపిస్తాడు. వాళ్ళు కూడా తలెత్తి చూస్తారు. మా చుట్టాల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అది ఆయన గోల, నాకేం పట్టింది అనుకునేదాన్ని. నాకు నా దుకాణం ఉంది, బోర్డు మీద ఆండాలు అని నా పేరే. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద పెద్ద పెద్ద బట్టల షాపుల వెనక సందులో, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ. పెళ్ళి జాకెట్ల మీద నెమళ్ళు, ఏనుగులు, పల్లకీలు కుట్టే మిషన్. మిషన్ డబ్బున్న ఎవరైనా కొంటారు. మా సందులోనే బోలెడున్నాయి. వాళ్ళంతా డిజైన్లు కూడా కొనుక్కుంటారు, అందుకే ఇక్కడి పెళ్ళికూతుళ్ళందరి వీపు మీదా ఒకటే నెమలి, అదే మెడ వంపు. నేను కొనను, గీస్తాను. కంప్యూటర్లో దానికో ప్రోగ్రాం ఉంటుంది. బొమ్మ గీసి, ఏ కుట్టు ముందు పడాలో, ఏది తర్వాతో, దారం ఎటు నుంచి ఎటు నడవాలో అన్నీ దానికి చెప్పాలి. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి మిషన్‌కిస్తే, సూది నేను చెప్పిన దారినే నడుస్తుంది. ఇన్నేళ్ళుగా గీసినవన్నీ కంప్యూటర్లో ఒకచోట, పెన్‌డ్రైవ్‌లో ఇంకోచోట దాచుకున్నాను. మా ఆయనకు ప్లాట్లున్నాయి, నాకు అవి ఉన్నాయి.

కృష్ణకుమారి గారు నాగోల్ నుంచి వెతుక్కుంటూ వచ్చింది కూడా అందుకే. కోస్తా వైపు వాళ్ళు, ఇక్కడికొచ్చి చాలాకాలమైంది, యాస మాత్రం పోలేదు. కూతురు జ్యోతిక పెళ్ళి. ఆమె సంచిలోంచి తీసింది వాళ్ళమ్మ పెళ్ళిచీర, కంచి పట్టు. మడతల దగ్గర చీలికలు చీలికలుగా పోయింది, కొంగు ఒక్కటే గట్టిగా మిగిలింది. ఆ కొంగులోంచి ఒక్క జాకెట్టు వస్తుంది, అంతే. చీర అంచులో వరసగా హంసలున్నాయి. అచ్చం అవే హంసలు జాకెట్టు రెండు చేతుల మీదా రావాలి, ఒకదాని వైపు ఒకటి తిరిగి ఉండాలి, మా అమ్మే మా పిల్ల చేతులు పట్టుకున్నట్టుంటుంది అంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకో ముక్క లేదు, జాగ్రత్తండీ అని పదిసార్లు చెప్పి వెళ్ళింది.

ఆ హంసలు గీయడానికి నాకు పట్టినంత కాలం ఏ డిజైనుకూ పట్టలేదు. పాత నేతగాడు ముక్కు దగ్గర ఒక్క పోగు పక్కకు జరిపాడు, దాంతో హంస నవ్వుతున్నట్టుంటుంది. ఆ ఒక్క పోగు కోసం ఎన్ని సార్లు చెరిపానో నాకే తెలుసు. ఎడమ చెయ్యి కుట్టించాను. దించినట్టు వచ్చింది. మా దగ్గర మిషన్ నడిపే ప్రవీణ ఫ్రేము తిప్పి తిప్పి చూసి, అక్కా ఇది లేచి ఈదుతుంది అంది. ఇక కుడి చెయ్యి మిగిలింది.

సరిగ్గా అప్పుడే ప్రోగ్రాం మొరాయించడం మొదలుపెట్టింది. కంప్యూటర్‌కు ఏదో అప్‌డేట్ వచ్చి పడింది, ఆ మర్నాటి నుంచి పెద్ద డిజైను తెరిస్తే చాలు, తెర తెల్లబడి ప్రోగ్రాం దానంతటదే మూసుకుపోతుంది. ఎడమ చేతి డిజైనును కుడి చేతికి తిప్పాలంటే అది తెరుచుకోవాలి కదా. కోఠిలో నాకు ప్రోగ్రాం అమ్మిన డీలరుకు ఫోన్ చేశాను. కంపెనీకి తెలిసిన సంగతే, సరిచేసిన వెర్షన్ త్వరలో వస్తుంది, అప్పటిదాకా డిజైనును ముక్కలు చేసి ఒక్కో ముక్కా తెరుచుకోండి అన్నాడు. ఇంకా బయటికి రాని టెస్టింగ్ వెర్షన్ ఒకటుంది గానీ దాన్ని అసలు పని మీద పెట్టొద్దు మేడం అని కూడా చెప్పాడు. సరే అన్నాను. ఒక్కో హంసనూ విడిగా తెరిచి తిప్పుతున్నాను, ఈకకోసారి సేవ్ కొడుతున్నాను. మెల్లగానే అయినా పని నడుస్తుంది, పెళ్ళికి ఇంకా టైముంది.

నేను చేసిన తప్పల్లా ఈ సోదంతా అన్నం దగ్గర మా ఆయన ముందు చెప్పుకోవడం. డీలరు చెప్పిన దాంట్లో ముక్కలు చేసుకోండి అన్నది ఆయన చెవిన పడలేదు. పని మీద పెట్టొద్దు అన్నదీ పడలేదు. ఇంకా బయటికి రాలేదు అన్న మాట మాత్రం పడింది. ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. ఎవరికిస్తరు గది అని అడిగాడు. నాకు తెలియదన్నాను. ఆ తర్వాత హయత్‌నగర్‌లో మా పిన్ని మనవరాలి ఓణీల ఫంక్షన్ ఉంటే వెళ్ళి, రెండు రోజులు అక్కడే ఉండిపోయాను.

తిరిగొచ్చి దుకాణం మెట్లెక్కుతుంటే ప్రవీణ ఎదురొచ్చింది. రోజూ గలగలా మాట్లాడే పిల్ల, నా చేతిలో సంచి తీసుకుని తల దించుకుంది. లోపల మా ఆయన నా కుర్చీలో కూర్చున్నాడు. బోణీ కొట్టిన మొహం.

"అయిపోయిందే నీ పరేషాన్. కొత్తది ఏసిన. గిది అందరికి ఇయ్యరు. కంపెనీకి మన దుకాణం పేరు రాసి పంపితే సెలెక్ట్ జేసిన్రు. కోఠిలోళ్ళ దగ్గర గూడ లేదు" అన్నాడు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నాకు అప్పటికి కొండనాలుక సంగతి ఒక్కటే తెలుసు, అసలు నాలుక గురించి ప్రవీణ ముక్కలు ముక్కలుగా చెప్పింది. కొత్తది ఎక్కించేటప్పుడు తెర మీద ఏవేవో ప్రశ్నలు వచ్చాయట. ఇది పరీక్ష కోసమే, అసలు పనికి వాడకండి, ఒకసారి దీంట్లో తెరిచిన ఫైళ్ళు మళ్ళీ పాతదాంట్లో తెరుచుకోవు, కాపీ దాచుకున్నారా అని. సార్ అన్నింటికీ ఎస్ కొట్టిండు అక్కా అంది. ప్లాటు కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు నిజాం కాలం దాకా వెనక్కి తిరగేసే మనిషి ఆయన. ఒక వేలిముద్ర చెరిగి ఉంటే ముగ్గురు లాయర్లకు చూపిస్తాడు. కంప్యూటర్ అడిగితే మాత్రం చదవకుండా ఎస్. ఇంగ్లీషు రాక కాదు. ముందు వెళ్ళినవాడికి ప్రశ్నలుండవని ఆయన నమ్మకం.

తర్వాత, డిజైన్లన్నీ కొత్త పద్ధతిలోకి మార్చాలా అని అడిగిందట. ఒక్కటొక్కటిగా మార్చే వీలుంది, అన్నీ ఒకేసారి మార్చే వీలూ ఉంది. మా ఆయన ఎప్పుడు విడి బేరం చేశాడు గనక. మొత్తం లాట్ మార్చేశాడు.

నేను కుర్చీ వెనక నిలబడే ఉన్నాను. పాత ప్రోగ్రాం ఏదీ అని అడిగాను.

"తీసేసిన. పాత ఇల్లు కూలగొట్టకుంట కొత్తది యాడ కడ్తవ్?"

పోనీ, పెన్‌డ్రైవ్‌లో పాతవి ఉన్నాయి కదా అన్నాను. అప్పటికీ నాకు భయం వేయలేదు. ఎందుకంటే మనిషి ఎంత తెలివితక్కువవాడైనా దాచుకున్న దాన్ని వెతికి మరీ పాడు చేస్తాడని ఎవరమూ అనుకోము.

"అవి గూడ సాఫ్ జేసిన. ఒక్క సర్వే నంబర్ మీద రెండు కాయితాలుంటే ఏమైతదో నీకు తెల్వదు, నాకు తెలుసు. డబుల్ రిజిస్ట్రేషన్. రేపు యాది మర్చిపోయి పాతది ఒకటి, కొత్తది ఒకటి కుడితే లడాయే గద. అందుకని పెన్‌డ్రైవ్ మొత్తం తుడిచి కొత్తయి ఎక్కించిన. ఇప్పుడు క్లియర్ టైటిల్."

క్లియర్ టైటిల్. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో ఎంత తృప్తి ఉందో చెప్పలేను.  స్టూలు లాక్కుని కూర్చున్నాను. కాసేపటికి గుర్తొచ్చి, హంసల చెయ్యి ఏదీ అన్నాను. ప్రవీణ ఏడవడం మొదలుపెట్టింది.

కుడి చెయ్యి కుట్టేశారు. నేను వచ్చేసరికి చేసి చూపించి నన్ను మురిపించాలని మా ఆయన ఉబలాటం. కొత్త ప్రోగ్రాం ఎడమ చెయ్యి డిజైనును ఠక్కున తెరిచిందట, ఠక్కున కుడికి తిప్పిందట, అసలు తెల్లబడలేదట. నిజమే, మూసుకుపోవడం అనే జబ్బు దానికి నయమైంది. కానీ కొత్త పద్ధతిలోకి మార్చేటప్పుడే అన్ని డిజైన్లలోనూ గీతను ఒకచోట, లోపల నింపే జరీని ఇంకోచోట పెట్టింది. హంస ముక్కు హంసను వదిలేసి పక్కన పడింది. మెడ దగ్గర కుట్టు మీద కుట్టు, దాని మీద ఇంకో కుట్టు, సూది ఒకేచోట పొడిచి పొడిచి పట్టును జల్లెడ చేసింది. మొదటి హంస దగ్గరే ప్రవీణ మిషన్ ఆపిందట. నడువనియ్, కొత్తది గద, జర సెట్ అయితది అన్నాడట ఈయన. వెంచర్లో రోడ్డు లేకపోతే కూడా అదే మాట అంటాడు. వరసగా అన్ని హంసలూ అలాగే సెట్ అయ్యాయి.

నేను అరవలేదు. అరిస్తే ఆయన దాన్ని ఆడవాళ్ళ కోపం కింద జమ కట్టి టీ తాగడానికి వెళ్ళిపోతాడు. అందుకని ఆయన మొహంలోకి చూసి నెమ్మదిగానే చెప్పాను.

"వాళ్ళు నిన్ను ఓనర్ అని సెలెక్ట్ జేయలె. యాడ గుంత ఉందో నడిచి చూడుమని పిలిచిన్రు. నువ్వు పడితే వాళ్ళు పూడ్చుకుంటరు. పడేది నువ్వే పడకపోతివి, నా డిజైన్లన్నిటిని మోసుకపోయి దాంట్ల ఏసినవ్."

ఆయనకు అర్థం కాలేదు. కొత్తలో ఏదైనా గట్లనే ఉంటది, ఫైనల్ ఒచ్చినంక అన్ని ఆళ్ళే సరిజేస్తరు అన్నాడు. హయత్‌నగర్ గుంత గురించి కూడా ఇన్నేళ్ళుగా ఇదే చెబుతున్నాడు.

కోఠి డీలరుకు ఫోన్ చేస్తే ముందు నమ్మలేదు. నమ్మాక, పాతది మళ్ళీ ఎక్కిస్తాను గానీ మారిపోయిన డిజైన్లను అది తెరవలేదు అన్నాడు. వెనక్కి మార్చే దారి కంపెనీ ఇస్తుందో లేదో తెలియదట. పైగా టెస్టింగ్ వెర్షన్ గడువు తీరితే దానంతటదే ఆగిపోతుందట. పెన్‌డ్రైవ్‌ను చైతన్యపురిలో పోయిన ఫైళ్ళు తీసే కుర్రాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాను. తుడిచి ఊరుకుంటే ఏమైనా దొరికేవి ఆంటీ, మీద కొత్తవి ఎక్కించారు కదా అన్నారు. కొన్ని పేర్లు మాత్రం బయటికి తీసి ఇచ్చారు. పేరు ఉంది, లోపల బొమ్మ లేదు. దుకాణానికి తిరిగొస్తూ దారిలో ఆటోలో ఏడ్చాను. ఆటోవాడు అద్దంలో చూసి, దవాఖానకు పోనీయాల్నా అమ్మా అని అడిగాడు.

మా ఆయన ఆ వారంలో చేసిన ఘనకార్యం ఇంకొకటి ఉంది. టెస్టింగ్ వెర్షన్ ఎలా పనిచేస్తుంది, ఏం తేడాలు కనిపించాయి అని కంపెనీ వాళ్ళు మెయిల్ పంపారు. వాళ్ళు ఇచ్చిందే అందుకు. ఒక్కసారైనా నిజం చెబితే ఇంకెక్కడో ఇంకో ఆండాలు కొంప మునగకుండా ఉండేది. మా ఆయన వెరీ గుడ్ అని రాసి ఐదు స్టార్లూ ఇచ్చాడు. తేడా ఉందని రాస్తే టెస్టింగ్ వాళ్ళ జాబితాలోంచి తీసేస్తారేమోనని ఆయన భయం. ఆ సంగతి నాకు చెబుతూ కూడా, మళ్ళొకటి ఒస్తే మనకే ముందు ఇస్తరు అన్నాడు. ఈ మనిషితో పోట్లాడటం కూడా దండగ అని నాకు ఆ రోజే అనిపించింది.

కృష్ణకుమారి గారు అనుకున్న రోజుకే వచ్చింది. నేను ఏం చెప్పాలో రాత్రంతా అల్లుకుని పెట్టుకున్నాను. నేను నోరు తెరిచేలోపే మా ఆయన జాకెట్టు చేతులు రెండూ బల్ల మీద పరిచాడు. అమ్మడం అంటే ఆయనకు ఆపుకోలేని దురద. ఇది కొత్త మోడల్ మేడం, రెండు చేతులు రెండు తీర్లు, హైద్రాబాద్‌ల ఇంకా ఎవరు ఏస్కోలె, మీ బిడ్డనే ఫస్ట్ అని మొదలుపెట్టాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకుంది. కుడి చెయ్యి దగ్గరగా తెచ్చుకుంది. ఫస్ట్ అన్న మాట దగ్గర ఆమె మొహంలో ఒక్క క్షణం చిన్న ఆశ మెరవడం నేను చూశాను. చదువుకున్న మనిషి, బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, ఆమెకు కూడా ఆ మాట తియ్యగానే ఉంది. నేను ఊరుకుంటే గండం గడిచిపోయేది. పెళ్ళిలో ఎవరో ఒకరు ఫ్యాషన్ అనుకునేవారు కూడా. కానీ ఆమె వేలు ఆ జల్లెడ మీద ఆగింది.

"గది మోడల్ కాదు మేడం. పాడైంది. మా ఇంటాయన తెల్వని ప్రోగ్రాం తెచ్చి నా కంప్యూటర్ల పెట్టిండు. నా డిజైన్లన్ని పోయినయి, మీ అమ్మ హంసలు గూడ పోయినయి" అన్నాను.

మా ఆయన నా వైపు చూసిన చూపు, కొనేవాడి ముందు ప్లాటు చెరువు శిఖంలో, అంటే నీళ్ళు నిలిచే భూమిలో, ఉందని చెప్పేసిన బ్రోకర్‌ని చూసే చూపు.  కృష్ణకుమారి గారు ఆ చేతిని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"మీరు నిజం చెప్పారు, సంతోషమండీ. కానీ మా అమ్మ చీర ఇంకో ముక్క లేదు నా దగ్గర. మీ నిజంతో చెయ్యి అతుక్కోదు కదా" అంది.

 మిషన్ మీద మళ్ళీ కుట్టడానికి డిజైను లేదు, ఉన్నా ఆ చిల్లుల పట్టు ఇంకోసారి సూది దెబ్బకు ఆగదు. ఒక్క దారే ఉంది. తప్పు కుట్లన్నీ ఊడదీసి, కింద పల్చటి పట్టు గుడ్డ వేసి, పైన చేత్తో కుట్టడం. మిషన్ కొనకముందు నేను సరూర్‌నగర్‌లో ఒక ఆవిడ దగ్గర మగ్గం పని నేర్చుకున్నాను. అది చెప్పాను. చేత్తో నేనే కుడతాను, ఒక్క అవకాశం ఇవ్వండి అన్నాను.

"ఇక్కడ మాత్రం వదలనండీ. మా ఇంటికొచ్చి నా కళ్ళ ముందు కుట్టండి" అని ఆమె ఆ జాకెట్టు చేతులు రెండూ సంచిలో పెట్టుకుంది. మా ఆయన వైపు కన్నెత్తి చూడలేదు.

అలా సొంత దుకాణం ఉన్న దాన్ని, బోర్డు మీద పేరున్న దాన్ని, మగ్గం చెక్కలు ఆటోలో వేసుకుని నాగోల్‌లో ఒక అపార్ట్‌మెంట్ హాల్లో నేల మీద కూర్చున్నాను. అవమానం అనిపించలేదంటే అబద్ధం. మొదటి రోజు వాచ్‌మన్ భార్య వచ్చి, రోజుకు ఎంత తీసుకుంటవ్ అని అడిగింది. కృష్ణకుమారి గారు సోఫాలో కూర్చుని, చెప్పినట్టే కళ్ళార్పకుండా చూసింది. కుట్లు ఊడదీయడానికే ఎంతసేపో పట్టింది. దారం గట్టిగా లాగితే పట్టు కూడా వస్తుంది. ఒక్కో పోగూ గోటితో పట్టుకుని, ఊపిరి బిగబట్టి తీశాను. ఒక్కో పోగుకూ మా ఆయన్ని ఒక్కో తిట్టు తిట్టుకున్నాను. తిట్లు అయిపోయాయి గానీ పోగులు అయిపోలేదు.

తర్వాత మంచిగా వచ్చిన ఎడమ చెయ్యి మీద ట్రేసింగ్ కాగితం పరిచి హంసలను దించుకున్నాను. కాగితాన్ని బోర్లా తిప్పాను. అంతే, కుడి చెయ్యి డిజైను తయారు. దీనికోసమా దేశంలో ఎవరికీ లేని ప్రోగ్రాం తెచ్చింది అనిపించి అక్కడే నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నారని ఆమె అడిగితే చెప్పాను. ఆమె నవ్వలేదు. కానీ ఆ పూట నాకు విడిగా పెట్టకుండా, డైనింగ్ టేబుల్ దగ్గర తన పక్కనే కంచం పెట్టింది.

మెల్లగా చేతికి పాత పని గుర్తొచ్చింది. వేళ్ళ చివర్లు పొక్కి, గట్టిపడ్డాయి. ఆమె నన్ను చూడటం మానేసి హంసలను చూడసాగింది. వాళ్ళమ్మ కబుర్లు చెప్పేది. ఆ చీర కట్టుకుని ఆవిడ పడవ దిగిందట, అంచు తడవకుండా ఎత్తి పట్టుకుందట. పప్పులో ఇంత నెయ్యి వేసి, తినండి చేతిలో సత్తువుండాలి అనేది. నేను మా వైపు తొక్కు పచ్చడి డబ్బాలో పెట్టుకుని వెళ్తే, ఇంత కారమా అని కళ్ళు తుడుచుకుంటూనే తినేది. ముక్కు దగ్గర ఆ ఒక్క పోగు పక్కకు జరిపినప్పుడు నన్ను ఆపి, అక్కడే కదా నవ్వేది అంది. ఆ మాటతో నా కష్టం సగం తీరింది.

కానీ మిగతా డిజైన్ల కోసం కడుపులో మంట ఆరలేదు, ఇప్పటికీ ఆరలేదు. గడువు తీరి ఆ ప్రోగ్రాం ఆగిపోయింది. తెర మీద మీ సహకారానికి ధన్యవాదాలు అని చూపించి నిద్రపోయింది. నేను పాత కస్టమర్లకు ఫోన్లు చేసి, అమ్మా మీ పెళ్ళి జాకెట్టు ఒక్క పూట ఇస్తారా అని అడుక్కుంటున్నాను. కొందరు లావెక్కి ఎవరికో ఇచ్చేశామన్నారు. కొందరు ఇచ్చారు. నా చేత్తో గీసిన వాటినే, పరాయివాటిని దొంగిలించినట్టు, కాగితం పరిచి దించుకుంటున్నాను. మా ఆయన అది చూసి, ఫోటో తీస్కుంటే అయిపాయె గద అని సలహా ఇచ్చి వెళ్ళాడు.

పెళ్ళి చంపాపేట్‌లో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. కృష్ణకుమారి గారు పట్టుబట్టి పిలిస్తే వెళ్ళాం. నేను ఒక్కదాన్నే వెళ్దామనుకున్నాను, ఈయన అప్పటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని కారు తీశాడు. జ్యోతిక మండపంలో చేతులు చాచి తలంబ్రాలు పోస్తుంటే రెండు వైపులా హంసలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఏది మిషన్‌దో ఏది చేతిదో దూరానికి నాకే తెలియలేదు. దగ్గరికెళ్తే తెలుస్తుంది. కుడి వైపువి కొంచెం ఎక్కువ నవ్వుతాయి.

భోజనాల దగ్గర పెళ్ళికొడుకు తరపు ఆడవాళ్ళు జాకెట్టు గురించి మాట్లాడుకుంటున్నారు. ఇది ఎక్కడ కుట్టించారు, ఇంత నాజూకుగా మిషన్ ఎలా కుడుతుంది అని ఎవరో అడిగారు. నేను విస్తరి ముందు కూర్చుని ఉన్నాను. నా పక్కన మా ఆయన అప్పుడే మూడో బూరె అందుకున్నవాడు, దాన్ని అలాగే పట్టుకుని వెనక్కి తిరిగాడు.

"మా దుకాణమే మేడం. దిల్‌సుఖ్‌నగర్. కొత్త సాఫ్ట్‌వేర్ తోని కుట్టినం, ఇంకా మార్కెట్ల రిలీజ్ గాలె. కుడి చెయ్యి జూడుండ్రి, గా చెయ్యి మొత్తం దాని పనే" అన్నాడు.

 ఇంత కాలం ఆయన అబద్ధాలాడుతున్నాడనుకున్నాను. కాదు, ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళల్లో అబద్ధం లేదు. చివరికి బాగా వచ్చింది కాబట్టి అది సాఫ్ట్‌వేరే చేసి ఉంటుందని ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. నేను పగలంతా నాగోల్‌లో ఎందుకున్నానో ఆయన ఒక్కసారైనా ఆలోచించలేదు.

నెయ్యి గిన్నె పట్టుకుని వడ్డించుకుంటూ వస్తున్న కృష్ణకుమారి గారు ఆగింది. నా వేళ్ళ వైపు ఒకసారి చూసింది. అడిగిన ఆవిడ వైపు తిరిగి, నా విస్తట్లో ఇంత నెయ్యి వేస్తూ చెప్పింది.

"అవునండీ, ఆ సాఫ్ట్‌వేర్ చాలా మంచిది. కుట్టినన్నాళ్ళూ మా ఇంట్లోనే భోంచేసింది. కారం కొంచెం ఎక్కువ తింటుంది, అంతే."

ఆడవాళ్ళంతా నా వైపు చూసి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మా ఆయనే.